ఫాంటసీ బేస్‌బాల్ కీపర్ లీగ్: వేలానికి కూర్చునే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు చాలామంది ఆఫీసులో కొలీగ్స్ పిలిస్తేనే ఫాంటసీ బేస్‌బాల్‌లోకి వస్తారు. నిజమైన ఆటగాళ్లతో సొంత టీమ్ కట్టుకుని, మైదానంలో వాళ్లు చేసే గణాంకాలతో పోటీపడే ఆట ఇది. స్నేక్ డ్రాఫ్ట్ వరకు పెద్ద ఇబ్బంది ఉండదు, ఒక్క సీజన్‌లో అలవాటైపోతుంది. కీపర్లు ఉన్న వేలం లీగ్‌లో మాత్రం మొదటి ఏడాది చాలామందికి కాళ్లూ చేతులూ ఆడవు. వెబ్‌సైట్‌లో 36 డాలర్లని చూపించిన ఆటగాడు ఇక్కడ 45కి ఎందుకు పోతున్నాడో అంతుపట్టదు. ఈ పేజీలో ఎక్కువ భాగం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: గదిలో ఇంకా ఎంత డబ్బుంది, ఆ డబ్బుకి ఎంత సరుకు మిగిలింది.

లెక్కలన్నీ 12 టీమ్‌లు, టీమ్‌కి 260 డాలర్లు, 23 మంది ఆటగాళ్లు అనే పాత రోటిసరీ పద్ధతి (గణాంకాల విభాగాల్లో ర్యాంకులతో గెలుపు తేల్చేది) మీద చెప్పాను. మీ లీగ్ రూల్స్ వేరైతే అంకెలు మార్చుకోండి.

కీపర్ వేలం అంటే అసలు ఏమిటి?

స్నేక్ డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుంటారు. మీ వంతు పదోదైతే మొదటి తొమ్మిది మంది మీకు దక్కరు. వేలంలో వంతు వచ్చినప్పుడు ఒక పేరు పిలుస్తారు, అంతే. ఆ పేరు మీద ఎవరైనా పాట పాడొచ్చు. డబ్బుంటే ఆరన్ జడ్జినీ, షోహెయ్ ఒహ్తానినీ ఇద్దరినీ మీరే తీసుకోవచ్చు. మిగతా 21 మందిని చిల్లరతో నింపుకోవాలన్నది వేరే సంగతి.

కీపర్ అంటే నిరుడు మీ దగ్గరున్న ఆటగాడిని ఈ ఏడాదికి కూడా అట్టిపెట్టుకోవడం. అతన్ని ఏ ధరకి కొన్నారో ఆ ధర, లేదా మీ రూల్ ప్రకారం కొంచెం పెంచిన ధర, మీ 260 లోంచి ముందే తీసేస్తారు. మిగిలిన డబ్బుతో మిగిలిన ఖాళీలు నింపడానికి వేలానికి వస్తారు.

ఐపీఎల్ వేలం చూస్తూనే ఉంటాం. ఇదీ అలాంటిదేనా?

వేలం వరకు అలాంటిదే. ఆటగాడిని అట్టిపెట్టుకునే పద్ధతి మాత్రం పూర్తిగా వేరు. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షల కనీస ధరకి తీసుకుంది. 2025 సీజన్‌కి రిటైన్ చేసుకున్నప్పుడు 6 కోట్లు పెట్టింది. అంటే కుర్రాడు రాణించగానే ధర కూడా అతనితో పాటు పెరిగింది.

ఫాంటసీ కీపర్ లీగ్‌లో అలా ఉండదు. ఒక డాలర్‌కి కొన్న కుర్రాడు స్టార్ అయినా వచ్చే ఏడాది అతని ధర ఇంకా ఆ ఒక్క డాలరే, లేదంటే అయిదో ఆరో. కీపర్ లీగ్‌లో లాభమంతా ఈ తేడాలోంచే పుడుతుంది.

260 డాలర్లు, 23 మంది లెక్క ఎక్కడిది?

1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన స్నేహితులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన లీగ్ నుంచి ఈ ఆట పుట్టింది. వాళ్లు కలుసుకున్న లా రోటిసరీ ఫ్రాన్సేజ్ అనే రెస్టారెంట్ పేరే ఆటకీ వచ్చింది. 14 మంది బ్యాటర్లు, 9 మంది పిచర్లు అన్న కూర్పు ఈ రోటిసరీ ఆటదే. మొదట్లో ఎనిమిది విభాగాలే ఉండేవి: బ్యాటింగ్ సగటు, హోమ్ రన్స్, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో తెప్పించిన రన్స్), స్టోలెన్ బేస్‌లు (పిచర్ కన్నుగప్పి పరుగెత్తి అందుకున్న బేస్‌లు), పిచర్లకి విన్స్, సేవ్స్ (ఆధిక్యాన్ని చివర్లో కాపాడి మ్యాచ్ ముగించడం), ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఖాతాలో పడ్డ రన్స్ సగటు), విప్ (ఇన్నింగ్స్‌కి ఇచ్చిన వాక్స్, హిట్స్ సగటు). తర్వాత రన్స్, స్ట్రైక్‌ఔట్స్ కలిసి అయిదూ అయిదూ పది అయ్యాయి. ప్రతి విభాగంలో 12 టీమ్‌లకి ర్యాంకులిచ్చి, మొదటి స్థానానికి 12, చివరి స్థానానికి 1 చొప్పున పాయింట్లు వేస్తారు.

ఒక ఆటగాడు ఎన్ని డాలర్లు విలువ చేస్తాడో ఎలా తెలుస్తుంది?

ముందుగా ప్రొజెక్షన్స్, అంటే వచ్చే సీజన్‌లో ఎవరు ఎలా ఆడతారన్న అంచనాలు, కావాలి. స్టీమర్, జిప్స్ లాంటివి ఫ్యాన్‌గ్రాఫ్స్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అదే సైట్‌లో ఆక్షన్ క్యాలిక్యులేటర్ కూడా ఉంది. టీమ్‌ల సంఖ్య, బడ్జెట్, పొజిషన్లు, విభాగాలు ఇస్తే ప్రతి ఆటగాడికీ ఒక డాలర్ విలువ వేసి చూపిస్తుంది.

దాని వెనకున్న ఆలోచన తేలికే. 12 టీమ్‌లు, ఒక్కో టీమ్‌కి 23 మంది అంటే మొత్తం 276 మంది. లీగ్‌లో ఉన్న డబ్బు 12 సార్లు 260, అంటే 3,120 డాలర్లు. 276వ ఆటగాడి విలువ ఒక డాలర్ అనుకుని, అతనికంటే ఎవరు ఎంత మెరుగో చూసి ఈ 3,120ని పంచుతారు. అందుకే జాబితాలోని మొదటి 276 మంది విలువలు కూడితే సరిగ్గా 3,120 రావాలి. రాకపోతే ఆ జాబితా మీ లీగ్‌కి సరిపోదు. పత్రికల్లోంచి, వేరే సైట్లలోంచి తీసిన ధరలు వాడేవాళ్లు ముందు ఈ కూడిక ఒకసారి చేసి చూసుకోవాలి.

పొజిషన్ కూడా లెక్కలోకి వస్తుంది. టీమ్‌కి ఇద్దరు క్యాచర్లుండే లీగ్‌లో 24 మంది క్యాచర్లు కావాలి. మేజర్ లీగ్‌లో ఉన్నవే 30 టీమ్‌లు. అందుకే ఫస్ట్ బేస్‌లో ఎవరూ ముట్టని గణాంకాలున్న ఆటగాడు కూడా క్యాచర్ అయితే పది డాలర్లు పలుకుతాడు.

ఇన్‌ఫ్లేషన్ అంటే ఏమిటి? ప్రతివాళ్లూ దాని గురించే మాట్లాడతారెందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే టైమ్ ఉంటే ఇదే చదవండి.

కీపర్లు చౌకగా ఉంటారు. ఒక్కో టీమ్ నలుగురిని అట్టిపెట్టుకుంది, అంటే 48 మంది. వాళ్ల జీతాలన్నీ కలిపి 480 డాలర్లు, వాళ్ల అసలు విలువ 960 డాలర్లు అనుకుందాం. వేలానికి వచ్చే డబ్బు 3,120లోంచి 480 పోగా 2,640. వేలానికి మిగిలిన సరుకు విలువ 3,120లోంచి 960 పోగా 2,160. అంటే 2,160 డాలర్ల సరుకుని 2,640 డాలర్లు వెంటాడుతున్నాయి. 2,640ని 2,160తో భాగిస్తే 1.22. ధరలు సగటున 22 శాతం పెరిగి తీరతాయి. జాబితాలో 36 ఉన్న ఆటగాడికి ఆ గదిలో గిట్టుబాటు ధర 44. అతన్ని 42కి తీసుకున్నవాడు ఎక్కువ పెట్టినట్టు కనిపిస్తాడు గానీ నిజానికి రెండు డాలర్లు మిగుల్చుకున్నాడు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఈ 22 శాతం అందరి మీదా సమానంగా పడదు. ఒక డాలర్ ఆటగాడు 1.22 కాలేడు కదా, ఒకటి దగ్గరే ఉంటాడు. అడుగున ఉన్నవాళ్ల వాటా కూడా పైనున్నవాళ్ల మీదికి ఎక్కుతుంది. కాబట్టి అసలైన స్టార్లు లెక్క చెప్పిన 44 కూడా దాటి పోతుంటారు. మొదటిసారి చూసేవాళ్లకి గదిలో అందరికీ పిచ్చెక్కిందేమో అనిపిస్తుంది. డబ్బు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి, అంతే.

వేలం నడుస్తుండగా కూడా ఈ అంకె మారుతూ ఉంటుంది. పై లెక్కలోనే, 450 విలువున్న మొదటి 15 మంది 500కే పోయారనుకోండి. ఇక మిగిలింది 2,140 డాలర్లు, 1,710 విలువున్న సరుకు. 1.22 కాస్తా 1.25 అయింది. ఆ 15 మందికీ 600 ఖర్చయి ఉంటే 1.19కి దిగేది. స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో ఈ భాగహారం పెట్టుకుని, ప్రతి అమ్మకం తర్వాత ధర కొట్టగానే అది దానంతటదే మారేలా చూసుకోండి.

నేను చూసినంతలో ఎక్కువ లీగుల్లో జరిగేది మొదటిదే. ఆరంభంలో అందరూ పాత ధరల జాబితాకే అతుక్కుని ఉంటారు, 36 దాటగానే చేతులు దించేస్తారు. తీరా మధ్యలోకి వచ్చేసరికి జేబుల్లో డబ్బు అలాగే ఉంటుంది, మంచి సరుకు ఉండదు. అప్పుడు 12 డాలర్ల ఔట్‌ఫీల్డర్ కోసం 19 దాకా కొట్టుకుంటారు. కాబట్టి కీపర్ లీగ్‌లో పెద్ద ఆటగాళ్లని మొదటి గంటలోనే కొనండి.

ఎవరిని కీపర్‌గా పెట్టుకోవాలి?

మంచి ఆటగాడా కాదా అన్న ప్రశ్న పక్కన పెట్టండి. అతని జీతానికీ, వేలంలో అతను పలికే ధరకీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

ఇక్కడ చాలామంది ఇన్‌ఫ్లేషన్ కలపడం మరిచిపోతారు. మీ దగ్గర 30 డాలర్ల జీతమున్న షార్ట్‌స్టాప్ ఉన్నాడు, జాబితాలో విలువ 33. మిగిలేది మూడే కదా అని వదిలేయాలనిపిస్తుంది. అతన్ని వేలంలోకి వదిలితే 33ని 1.22తో హెచ్చవేసి 40 పలుకుతాడు. అంటే మీ లాభం 10. ఇంకోపక్క ఒక డాలర్ జీతంతో 6 డాలర్ల విలువున్న ఔట్‌ఫీల్డర్ ఉన్నాడు. వేలంలో 7 పలుకుతాడు, లాభం 6. చౌకగా కనిపించే రెండోవాడికంటే ఖరీదైన మొదటివాడే మంచి కీపర్. నలుగురినే పెట్టుకోవాలన్న పరిమితి ఉన్న లీగ్‌లో ఈ లెక్క చేయకపోతే ఏటా నష్టపోతూనే ఉంటారు.

రెండు తేడాలు సమానంగా ఉంటే బ్యాటర్‌ని ఉంచుకోండి. పిచర్ల చేతుల మీద నమ్మకం పెట్టుకోలేం.

కాంట్రాక్టులు ఎలా నడుస్తాయి?

పాత రోటిసరీ పద్ధతిలో కొన్న ధరకి రెండేళ్లు ఉంచుకుంటారు. మూడో ఏడాదికి ముందు నిర్ణయం తీసుకోవాలి. వదిలేయొచ్చు. అదే ధరకి ఆఖరి ఏడాది ఆడించుకోవచ్చు, దీన్నే ఆప్షన్ ఏడాది అంటారు. లేదంటే ఆపై ఒక్కో అదనపు ఏడాదికి 5 డాలర్లు చొప్పున జీతం పెంచి లాంగ్ కాంట్రాక్ట్ ఇవ్వొచ్చు. 8 డాలర్లకి కొన్నవాడిని ఆప్షన్ తర్వాత మరో ఏడాది ఉంచుకోవాలంటే జీతం 13, రెండేళ్లయితే 18. చాలా లీగుల్లో పెరిగిన జీతం ఆప్షన్ ఏడాది నుంచే అమల్లోకి వస్తుంది. ఇదంతా గజిబిజి అనుకునే లీగులు ఏటా అయిదు డాలర్లు పెంచి ఊరుకుంటాయి.

ఆటగాడు ఆడకపోయినా కాంట్రాక్ట్ గడియారం ఆగదు. 2022 ఆగస్టులో ఫెర్నాండో టాటిస్ జూనియర్ మీద 80 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. అతనికి కాంట్రాక్ట్ ఇచ్చిన టీమ్‌లు మరుసటి సీజన్ మొదటి మూడు వారాలు కూడా అతని జీతం మోస్తూ కూర్చున్నాయి. లాంగ్ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే ముందు ఇలాంటివి ఆలోచించాలి.

ఇద్దరు ముగ్గురు స్టార్ల మీద డబ్బంతా పెట్టొచ్చా, లేక అందరికీ సమానంగా పంచాలా?

కీపర్ లీగ్ అయితే స్టార్ల వైపే నా ఓటు. చౌక కీపర్లు మీ దగ్గర ఉంటే 20 డాలర్ల విలువిచ్చే ఆటగాళ్లు 5కే వచ్చేసినట్టు. మధ్యతరగతి ఇప్పటికే నిండిపోయింది. వేలంలో మీకు కావాల్సింది 40 విలువున్నవాళ్లు. అదీగాక చేతిలో డబ్బు ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని ఒక్క ఖాళీలో కుదించగలిగేది స్టార్ దగ్గరే.

మీ కీపర్లు బలహీనంగా ఉంటే మాత్రం ఇలా చేయకండి. 45 డాలర్ల ఆటగాళ్లను ముగ్గురిని కొని, మిగతా చోట్ల రోజూ బెంచ్ మీద కూర్చునేవాళ్లను నింపితే బ్యాటింగ్ అవకాశాలే తక్కువైపోతాయి. రన్స్, ఆర్‌బీఐలు రెండూ ఎంత ఎక్కువ ఆడితే అంత వచ్చే విభాగాలు. రోజూ ఆడే 9 డాలర్ల ఆటగాళ్లు అక్కడ చాలా పనికొస్తారు.

రొనాల్డ్ అకునా జూనియర్ ఉదాహరణ గుర్తుంచుకోవాలి. 2023లో 41 హోమ్ రన్స్, 73 స్టోలెన్ బేస్‌లు. ఒకే సీజన్‌లో 40, 70 అందుకున్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. మరుసటి ఏడాది డ్రాఫ్టుల్లో పై స్థానాల్లోనే పోయాడు. మే నెలలో ఎడమ మోకాలి లిగమెంట్ తెగి సీజన్ అయిపోయింది. స్టార్‌ని కొనొద్దని దీని అర్థం కాదు. ఒక్క ఆటగాడి మీద బడ్జెట్‌లో అయిదో వంతు పెట్టినప్పుడు ఏం పణంగా పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

పిచర్లకి ఎంత కేటాయించాలి?

చాలామంది 70, 30 శాతాలు పాటిస్తారు. అంటే బ్యాటర్లకి 182, పిచర్లకి 78. నేను ఇంకొంచెం తక్కువే పెడతాను.

కారణం మోచేయి. మోచేతి లిగమెంట్‌ని బాగుచేసే టామీ జాన్ సర్జరీ 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసినప్పటి నుంచి ఎన్నో కెరీర్‌లను నిలబెట్టింది, కానీ కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. జేకబ్ డిగ్రామ్ 2023లో రేంజర్స్‌కి ఆరు మ్యాచ్‌లు మాత్రమే మొదలుపెట్టి జూన్‌లో సర్జరీకి వెళ్లాడు. షేన్ బీబర్‌కి 2024 ఏప్రిల్‌లో, గెరిట్ కోల్‌కి 2025 మార్చిలో. వీళ్లందరూ వేలంలో పెద్ద ధర పలికే పేర్లే.

కీపర్ లీగ్‌లో దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. సర్జరీ అయి ఈ ఏడాది ఆడని పిచర్ వేలం చివర్లో రెండు మూడు డాలర్లకి దొరుకుతాడు. ఇంజ్యూరీ లిస్ట్ ఖాళీలు ధారాళంగా ఉన్న లీగ్ అయితే అతన్ని కొని పక్కన పెట్టండి. డిగ్రామ్ 2024 సెప్టెంబర్‌లో తిరిగొచ్చి 2025లో పూర్తి సీజన్ ఆడాడు. అతన్ని 2024లో రెండు డాలర్లకి తీసుకుని ఓపిక పట్టినవాళ్లకి అంత మంచి కీపర్ మళ్లీ దొరకడు.

క్లోజర్ల మీద ఖర్చు పెట్టాలా?

క్లోజర్ అంటే ఆధిక్యంలో ఉన్న మ్యాచ్‌ని చివరి ఇన్నింగ్స్‌లో ముగించే పిచర్, సేవ్స్ వచ్చేది అతని నుంచే. ఒక్కరి మీద పెట్టండి, ఇద్దరి మీద వద్దు. ఏప్రిల్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్ వేసేవాడు జూన్‌లో ఏడో ఇన్నింగ్స్ వేస్తుంటాడు, ఆ పని ఇంకెవరికో వెళ్తుంది. సీజన్ మధ్యలో ఫ్రీ ఏజెంట్ బడ్జెట్‌తో (ఏ టీమ్ దగ్గరా లేనివాళ్లను కొనే డబ్బు) కొత్త క్లోజర్‌ని పట్టుకోవచ్చు. ఏటా ఆ అవకాశం వస్తుంది.

స్టోలెన్ బేస్‌లకి ఇప్పుడూ పాత విలువే ఉందా?

లేదు. 2023లో బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు. పిచర్ ఎన్ని సెకన్లలో బంతి వేయాలో చెప్పే పిచ్ క్లాక్ వచ్చింది. బ్యాటర్ మారేదాకా పిచర్ రెండుసార్లకి మించి పికాఫ్‌కి, అంటే బేస్ మీదున్నవాడిని ఔట్ చేయడానికి, ప్రయత్నిస్తే ఇబ్బందే. 2022లో 2,486 ఉన్న స్టోలెన్ బేస్‌లు 2023లో 3,503 అయ్యాయి. సరుకు పెరిగితే ధర తగ్గాలి. బేస్‌లు దొంగిలించడం తప్ప ఇంకేమీ రాని ఆటగాడికి 20 డాలర్లు పెట్టే రోజులు పోయాయి.

దాంతో పాటు విభాగంలో గెలవడానికి కావాల్సిన సంఖ్య కూడా పెరిగింది. 2022 దాకా ఉన్న మీ లీగ్ స్టాండింగ్స్ చూసి లక్ష్యాలు పెట్టుకునేవాళ్లు ఆ కాగితాలు పక్కన పడేయాలి. 2023 నుంచి వచ్చిన స్టాండింగ్స్ మాత్రమే వాడండి. బాబీ విట్ జూనియర్ లాగా హోమ్ రన్స్, సగటు, స్టోలెన్ బేస్‌లు అన్నీ ఇచ్చే ఆటగాడి కోసం లెక్క దాటి రెండు మూడు డాలర్లు పెట్టినా తప్పు లేదు.

ఒహ్తాని ఒకడా, ఇద్దరా?

ఒహ్తాని బ్యాటింగ్, పిచింగ్ రెండూ చేస్తాడు కాబట్టి వేలానికి ముందే లిఖితపూర్వకంగా తేల్చుకోవాల్సిన విషయం ఇది. యాహూలో బ్యాటర్ ఒహ్తాని, పిచర్ ఒహ్తాని వేరువేరు ఆటగాళ్లు. ఈఎస్‌పీఎన్‌లో ఒకే ఆటగాడు. ఒకే ఆటగాడైనా, రోజువారీ లైనప్ ఉన్న లీగ్‌కీ వారానికి ఒకసారి లైనప్ పెట్టే లీగ్‌కీ మళ్లీ తేడా ఉంది. వారం లీగ్‌లో ఆ వారం అతన్ని బ్యాటర్‌గా వాడతారా, పిచర్‌గానా అన్నది ముందే ఎంచుకోవాలి. 2024లో 54 హోమ్ రన్స్, 59 స్టోలెన్ బేస్‌లు చేసిన ఏడాది అతను అసలు పిచింగే చేయలేదు, బ్యాటర్‌గానే అంత విలువ. లీగ్ సైట్ మారినా అతని కీపర్ జీతం ఏమవుతుందో రూల్స్‌లో రాసి ఉండాలి. వేలం మధ్యలో ఈ గొడవ మొదలైతే గంట పోతుంది, మనసులూ కష్టపడతాయి.

నా వంతు వచ్చినప్పుడు ఎవరి పేరు పిలవాలి?

మొదటి గంటలో మీకు అక్కర్లేని ఖరీదైన పేర్లు పిలవండి. మీ క్లోజర్ కీపర్‌గా ఉన్నాడా? పెద్ద క్లోజర్లందరినీ వరుసగా బయటికి తీయండి. ఎదుటివాళ్ల డబ్బు మీకు పనికిరాని చోట కరిగిపోతుంది.

మీకు నచ్చిన చిన్న ఆటగాడిని ఎప్పుడు పిలవాలన్నది కష్టమైన ప్రశ్న. చాలామంది చివరిదాకా దాచుకుంటారు. అందరి దగ్గరా డబ్బు అయిపోయాక ఒక డాలర్‌కి దక్కుతాడని ఆశ. ఇన్‌ఫ్లేషన్ ఎక్కువున్న లీగ్‌లో చివరిదాకా డబ్బు మిగిలినవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు, వాళ్లకి కొనడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి మీ రహస్య ఆటగాడి మీద 6 డాలర్లు పడేస్తారు. నా పద్ధతి, రెండో మూడో రౌండ్‌లోనే అతన్ని పిలిచేయడం. అందరి కళ్లూ పెద్ద స్టార్ల మీద ఉన్న సమయంలో ఒక డాలర్ ఆటగాడి కోసం చెయ్యెత్తడానికి ఎవరికీ మనసు రాదు.

మాగ్జిమమ్ బిడ్ ఎలా లెక్క వేయాలి?

మిగిలిన డబ్బులోంచి, మిగిలిన ఖాళీల్లో ఒకటి తగ్గించి తీసేయండి. 47 డాలర్లు, 8 ఖాళీలు ఉంటే 47లోంచి 7 పోగా 40. మీ అంకెతో పాటు మిగతా 11 టీమ్‌ల అంకెలు కూడా కళ్లముందుండాలి.

వేలం ముగిసేటప్పుడు ఈ అంకెలే పాలిస్తాయి. నాలుగు గంటలు దాటింది, కాఫీలు చల్లారిపోయాయి, అందరికీ ఇద్దరో ముగ్గురో మిగిలారు. మీ దగ్గర 3 డాలర్లు, రెండు ఖాళీలు. మీ మాగ్జిమమ్ 2. ఎదురుగా కూర్చున్న అన్న దగ్గర 2 డాలర్లు, రెండు ఖాళీలు, అంటే ఆయన మాగ్జిమమ్ ఒకటే. ఆయన ఒక క్యాచర్ పేరు పిలిచి "ఒకటి" అన్నాడు. మీరు "రెండు" అన్నారు. "ఒకటోసారి, రెండోసారి..." ఆయన మాట్లాడలేడు, మిగతావాళ్లకి క్యాచర్ ఖాళీ లేదు. పాట అక్కడే ఆగిపోతుంది, క్యాచర్ మీవాడు. ఆ ఒక్క డాలర్ తేడాతో చివరి రౌండ్లలో మీకు నచ్చినవాళ్లను ఏరుకోవచ్చు. అందుకే వేలం మధ్యలో 14కి బదులు 15 పెట్టే ముందు, ఆ డాలర్ చివర్లో ఏం తెస్తుందో ఆలోచించమని అందరికీ చెబుతాను. అలాగని 10 డాలర్లు మిగుల్చుకుని ఇంటికెళ్లడం అంతకంటే పెద్ద నష్టం. మిగిలిన డబ్బు మరుసటి ఏడాదికి రాదు.

నాకు అక్కర్లేని ఆటగాడి ధర పెంచొచ్చా?

లెక్క కంటే బాగా తక్కువకి పోతుంటే పెంచండి, కానీ మీ మీద పడినా ఫర్వాలేదనుకున్న ధర వరకే. పైగా ఆ పొజిషన్‌లో మీకు ఖాళీ ఉండాలి. ఎవరో ఒకరు పెంచుతారులే అనుకుని అందరూ ఊరుకుంటే 44 విలువున్న ఆటగాడు 35కి పోతాడు. ఆ తొమ్మిది డాలర్ల లాభం మూడేళ్ల పాటు ఆ టీమ్ దగ్గరే ఉంటుంది.

కుమార్ రాకర్‌ని తీసుకోవాలని ఉంది. తీసుకోనా?

తల్లి వైపు నుంచి భారతీయ మూలాలున్న పిచర్, పైగా మనవాళ్లు అంతమంది ఉన్న డల్లాస్ ప్రాంతంలోని రేంజర్స్ టీమ్. ఆ అభిమానం నాకూ ఉంది. 2022 డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో ఎంపికై, 2023లో టామీ జాన్ సర్జరీ చేయించుకుని, 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. తీసుకోండి, మీ షీట్‌లో అతని పక్కనున్న అంకె వరకే. మనవాళ్లే ఎక్కువున్న లీగ్ అయితే అతని పేరు మీరే మొదట్లో పిలిచి, పాట ఎంతదాకా వెళ్తుందో చూడండి.

మైనర్ లీగ్ కుర్రాళ్లను ఎలా చూడాలి?

పాల్ స్కీన్స్ 2023 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికయ్యాడు. 2024 మే నెలలో పైరేట్స్‌కి ఆడటం మొదలుపెట్టి 1.96 ఈఆర్ఏతో నేషనల్ లీగ్ రూకీ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. అతన్ని రిజర్వ్ జాబితాలో, అంటే 23 మందికి బయట, చౌకగా పెట్టుకున్న కీపర్ టీమ్‌లకి ఏళ్ల తరబడి సరిపడే లాభం. అందరూ ఇలాంటివాళ్ల కోసమే వెతుకుతారు, అందుకే కుర్రాళ్ల ధరలు ఉబ్బిపోతాయి. రిజర్వ్ ఖాళీలు ఉంటే అక్కడే పెట్టండి. 23 మందిలో ఒక చోటు ఏప్రిల్ నుంచి జులై దాకా ఖాళీగా ఉంచే స్తోమత, ఈ ఏడాది గెలవాలనుకునే టీమ్‌కి ఉండదు.

వేలం ఎప్పుడు పెట్టుకోవాలి?

సీజన్ మొదలయ్యే ఓపెనింగ్ డేకి ముందు వచ్చే శని, ఆదివారాల్లో. అంతకంటే ముందు వద్దు. 2023 మార్చి నెల మధ్యలో వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో ప్యూర్టో రికో గెలిచాక, సంబరాల్లో ఎగురుతూ ఎడ్విన్ డియాజ్ మోకాలికి గాయమైంది. సీజన్ మొత్తం పోయింది. ఆ వారానికి ముందే వేలం ముగించిన లీగుల్లో అతను అందరికంటే ఖరీదైన క్లోజర్లలో ఒకడు.

2024లో సియోల్‌లో, 2025లో టోక్యోలో సీజన్ వారం ముందే మొదలైంది. అలాంటి ఏడాది ఆ రెండు మ్యాచ్‌ల గణాంకాలు లెక్కలోకి వస్తాయో రావో ముందే తీర్మానించుకోండి. టీమ్‌ల గ్రౌండ్ మార్పులు కూడా మార్చిలో ఒకసారి చూసుకోండి. అథ్లెటిక్స్ 2025లో ఓక్లండ్ వదిలి శాక్రమెంటోలోని మైనర్ లీగ్ గ్రౌండ్‌కి మారారు. ఓక్లండ్ పిచర్లకి అనుకూలమైన గ్రౌండ్, ఇది బ్యాటర్ల గ్రౌండ్. పాత గణాంకాలు చూసి ఆ టీమ్ పిచర్లని కొనొద్దు.

సీజన్ మధ్యలో చివరి స్థానంలో ఉన్న టీమ్ స్టార్లందరినీ అమ్మేస్తోంది. ఇది న్యాయమేనా?

న్యాయమే, హద్దు ఉంటే. గెలిచే అవకాశం లేని టీమ్ 45 డాలర్ల స్టార్‌ని ఇచ్చి, వచ్చే ఏడాదికి పనికొచ్చే 3 డాలర్ల కుర్రాడిని తీసుకోవడం కీపర్ లీగ్‌లో ఉన్న అందమే. అది లేకపోతే కింది టీమ్‌లు జులైలోనే ఆట మానేస్తాయి. కానీ ఇద్దరు ముగ్గురు పోటీపడి అమ్మేస్తే, ఎవరికి ముందు ఫోన్ కలిసిందో వాళ్లే కప్పు గెలుస్తారు. సీజన్ మధ్యలో కూడా జీతాల మొత్తం 320 దాటకూడదనో, 340 దాటకూడదనో ఒక పరిమితి పెట్టుకోండి. మంచి స్నేహితులు ఏళ్ల తరబడి నడుపుకున్న లీగులు ఈ ఒక్క కారణంగా చెదిరిపోవడం చూశాను. చాలా బాధగా ఉంటుంది.

హైదరాబాద్‌లో ఉన్న బావమరిదిని కూడా చేర్చుకోవచ్చా?

డబ్బు పెట్టని లీగ్ అయితే సంతోషంగా చేర్చుకోండి. అక్కడ టైమ్ తేడా ఒక్కటే ఇబ్బంది. ఎంట్రీ ఫీజు ఉన్న లీగ్ అయితే వద్దు. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. 2025లో కేంద్రం కూడా దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది. అమెరికాలో 2006 నాటి ఫెడరల్ చట్టం ఫాంటసీ ఆటలకి షరతులతో మినహాయింపు ఇచ్చింది, కానీ రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉన్నాయి. మీరున్న రాష్ట్రం సంగతి చూసుకోండి.

వేలం అయ్యాక వెంటనే చేయాల్సిన పని ఏదైనా ఉందా?

లేచి వెళ్లకముందే ప్రతి టీమ్ తన 23 పేర్లూ, ధరలూ పైకి చదవాలి, లీగ్ నడిపే కమిషనర్ తన షీట్‌తో సరిపోల్చాలి. 260కి ఒక్క డాలర్ తేడా వచ్చినా అప్పుడే పట్టుకోవచ్చు. ప్రతి ఆటగాడి పక్కన కొన్న ధర, కొన్న ఏడాది, కాంట్రాక్ట్ ఎన్నో ఏడాదిలో ఉందో రాయండి. ఆ షీట్‌ని అందరికీ అదే రాత్రి పంపండి. మళ్లీ మార్చిలో కీపర్ల గడువు దగ్గరపడ్డాక "వాణ్ణి నేను 4కి కొన్నాను", "కాదు 7కి" అన్న వాదన వస్తే చూపించడానికి ఆ షీట్ ఒక్కటే ఉంటుంది.